ఆయన స్వెట్టరు ఊలు

ఆ వీధికంతటికీ ఆవిడ రఫ్ఫు పెద్దమ్మ. మోకాలు చిరిగిన ప్యాంటు, చిమ్మట కొట్టిన శాలువా, ఏది తెచ్చినా రఫ్ఫు చేసి, చిల్లు ఎక్కడుండేదో తొడుక్కునేవాళ్ళకే తెలియకుండా కప్పేసేది. అలాంటి మనిషికి చెల్లెలి కూతురు అప్పజెప్పిన పనేమిటయ్యా అంటే, చిల్లులు అల్లడం.

ఆ పిల్ల బొమ్మల కాలేజీలో చదువుతోంది. ప్రదర్శనకి ఓ చెక్క పలక తయారుచేస్తోంది. దానిమీద తుప్పు రేకు, చిరుగు కాగితాలు, కాస్త సున్నం, నడుమ ఊలు లేసు.

"సులువే పెద్దమ్మా. సూదికి దారం ఒక చుట్టు చుట్టు, ఆ తర్వాత రెండు కుట్లు కలిపి అల్లు. చుట్టిన చోట చిల్లు పడుతుంది."

"పడితే బాగుచెయ్యాలా?"

"అయ్యో, చిల్లే కావాలి! ఊలు మాత్రం పాతదివ్వు. కొత్తది మెరుస్తుంది."

ఇంట్లో ఉన్న పాత ఊలంటే పోయిన చలికాలం కన్నుమూసిన పెదనాన్న బూడిదరంగు స్వెట్టరే. "మెడ దగ్గర పీక పిసుకుతోందే, కాస్త వదులు చెయ్యి" అని ఏటా ఆయన మొర. "వచ్చే ఏడు చూద్దాం" అని ఏటా ఈవిడ జవాబు. ఊళ్ళోవాళ్ళ చిరుగులన్నిటికీ తీరిక దొరికేది మరి!

స్వెట్టరు విప్పి ఉండ చుడుతూ అడిగింది. "పలక మీద ఎలా నిలుస్తుందే?"

"జిగురుతో అంటిస్తా."

"మళ్ళీ ఊడదీసుకోవచ్చా?"

"చచ్చినా రాదు." అనేసి పిల్ల నాలుక కరుచుకుంది. పెద్దమ్మ సూదులు తీసింది.

అప్పట్నుంచీ లేసు కుదిరితే ఒట్టు. తిరుగు వరుసలో ఆ చుట్టిన దారాన్ని మెలిపెట్టి అల్లేసేది, చిల్లు కాస్తా మూసుకుపోయేది. విప్పేది, మళ్ళీ మొదలెట్టేది. "మూసి మూసి అలవాటైన చెయ్యి, చిల్లు చూస్తే ఊరుకోదమ్మా" అని నిట్టూర్చేది. పక్కింటావిడ తొంగిచూసి, "ఇది లేసా వదినా, గోనెపట్టా?" అంది.

ప్రదర్శన నెత్తిమీదికొచ్చింది. పిల్ల విసిగిపోయి కొత్త ఊలు కొని, టీ డికాక్షన్లో ముంచి, వెలిసినట్టు చేసి తెచ్చింది. కుక్కరు కూతలు ఆగేలోగా పెద్దమ్మ లేసు చేతిలో పెట్టింది. జల్లెడకి కన్నుకుట్టేలా వరసగా చిల్లులు.

పిల్ల లేసునీ చూసింది, పెద్దమ్మనీ చూసింది. "చెయ్యి ఊరుకుందే!"

"నీ ఊలు బుద్ధిగలది. మీ పెదనాన్నది ఆయనలాగే మొండిఘటం."

ప్రదర్శనలో ఎవరో పెద్దమనిషి ఆ పలక ముందు చాలాసేపు నిలబడి, ఈ లేసులో ఒక జీవితకాలపు దుఃఖముందన్నాడట. పిల్ల పరుగున వచ్చి చెప్పింది.

"టీ డికాక్షనే అది" అంది పెద్దమ్మ. ఒళ్ళో బూడిదరంగు ఊలు, చేతుల్లో సూదులు.

"మళ్ళీ స్వెట్టరా! ఎవరికి పెద్దమ్మా?"

"ఎవరికేమిటే, ఆయనదేగా." మెడ భాగం పైకెత్తి, రెండు పిడికిళ్ళూ దూర్చి చూపించింది. "ఈసారి పిసకదు."