తీసేసిన పదో ప్రశ్న

మా జట్టులో చేరేవాళ్ళు నింపే ఆ ఫారంలో మొదట పదకొండు ప్రశ్నలుండేవి. పేరు, వయసు, ఇంతకుముందు ఏ ఆట ఆడారు, ఇంట్లో పెద్దవాళ్ళలో ఎవరు ఇండియాలో పుట్టారు, ఇలా. పదోది, 'మీ దగ్గర ఉన్నది ఏ దేశం పాస్‌పోర్ట్?' అని. ఒక ఆదివారం మధ్యాహ్నం, అన్నం తిన్న చేయి ఆరకముందే, ఆ ప్రశ్నను నేనే తీసేశాను.

అమెరికాలోని ఈ నోవై ఊరికి రాకముందు మూడేళ్ళు ఉత్తర ఇంగ్లాండులో పనిచేశాను. అక్కడ ఒక శుక్రవారం సాయంత్రం ఆఫీసులో తోటివాడు నన్ను వానలో రగ్బీ లీగ్ చూడటానికి తీసుకెళ్ళాడు. బంతి పట్టుకుని పరిగెత్తేవాడిని అవతలివాళ్ళు పట్టి పడేస్తారు. వాడు లేచి, కాలితో బంతిని వెనక్కి నెట్టి, మళ్ళీ ఆట మొదలుపెడతాడు. ఆరుసార్లు పట్టుబడితే బంతి అవతలి జట్టుది. ఇంజినీరింగ్ నాలుగేళ్ళూ కబడ్డీ ఆడినవాణ్ణి. ఆ పట్టులు చూస్తుంటే నా భుజాలు వాటంతటవే కదిలాయి. అప్పటినుంచి నాకు కుదురు లేదు.

ఆ ఆట ఆడే దేశాలు తక్కువ. ఒలింపిక్స్ లాంటి పెద్ద క్రీడల్లోకి రావాలంటే చాలా దేశాల్లో ఆడాలి, ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఇద్దరూ ఆడాలి. అందుకని ఆ ఆట నడిపేవాళ్ళు, ఎక్కడున్నా సరే, ఒక దేశం మూలాలున్నవాళ్ళని పోగుచేసి ఆ దేశం పేరుతో జట్లు కట్టనిస్తారు. భారత సంతతి జట్టు నేను కడతానని వాళ్ళకి మెయిల్ రాశాను. ఎవరూ నన్ను పిలవలేదు, నేనే వెళ్ళి తగిలించుకున్నాను. తలా ఒక వంట తెచ్చుకుని కలిసే పాట్‌లక్‌లలో నేను 'ఒలింపిక్స్' అనగానే హెచ్-వన్‌బి వీసాల గురించి మాట్లాడుకునేవాళ్ళు కూడా నావైపు తిరిగేవారు. అది నాకు బాగుండేది.

అలాంటి ఒక పాట్‌లక్‌లోనే నా స్నేహితుడి కూతురు నా పక్కన కూర్చుంది. ఇక్కడే పుట్టిన పిల్ల. స్కూల్లో రెజ్లింగ్ చేసింది, ఇప్పుడు కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజినీరు. అప్పటికే ఇక్కడి అమెరికన్ క్లబ్బులో ఒక సీజన్ ఈ ఆటే ఆడింది.

"అంకుల్, దిస్ ఈజ్ రియల్? ఇండియాకి నేను ఆడొచ్చా?"

"మీ అమ్మ గుంటూరులో పుట్టింది కదా. చాలు."

వాళ్ళమ్మ పులిహోర గిన్నె పట్టుకుని వస్తూ విన్నది. "అన్నయ్యా, దాని ముక్కు పగిలితే సంబంధాలు నువ్వే చూడాలి, ముందే చెప్తున్నా."

"అమ్మా, ప్లీజ్!"

"ఏం ప్లీజ్? పట్టుకో ఈ గిన్నె. దీన్ని పడేయకుండా తీసుకెళ్ళు, అప్పుడు నమ్ముతా."

ఆ వారమే ఆవిడ తన పాత ఇండియన్ పాస్‌పోర్ట్ తెచ్చి చూపించింది. అమెరికా పౌరసత్వం తీసుకున్నాక రద్దయి, మూల కత్తిరించిన పుస్తకం. జిప్‌లాక్ కవర్లో భద్రంగా ఉంది. కూతురి అర్హతకు అదే ఆధారం. నేను ఫోటో తీసుకున్నాను.

"ఒలింపిక్స్‌కి వస్తే అప్పుడు కూడా నేను ఇండియాకే ఆడతానా?" అని ఆ అమ్మాయి అడిగింది.

"ముందు అక్కడిదాకా పోనీ," అన్నాను.

అబద్ధం కాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. రగ్బీ లీగ్ తన మ్యాచ్‌లకు అమ్మ పుట్టిన ఊరు చాలంటుంది. ఆ పెద్ద క్రీడల్లో మాత్రం ఆడే మనిషి దగ్గర ఆ దేశం పాస్‌పోర్టే ఉండాలి. ఇండియా రెండు పాస్‌పోర్ట్‌లు ఒప్పుకోదు. వీసా నియమాలు నిద్రలో లేపి అడిగినా చెప్పే మనలో ఈ సంగతి తెలియనివాళ్ళు ఉండరు. నాకూ తెలుసు. పదో ప్రశ్న చూసి ఇద్దరమ్మాయిలు 'యుఎస్ బ్లూ పాస్‌పోర్ట్ అయితే ప్రాబ్లమా?' అని మెసేజ్ పెట్టి, ఆ తర్వాత ఫారం నింపకుండా వదిలేశారు. ప్రశ్న లేకపోతే అనుమానమూ రాదనుకున్నాను.

ఏప్రిల్లో ఆ అమ్మాయి ఫోన్ చేసింది. నేను ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తున్నాను. అమెరికా మహిళల జట్టు ట్రయల్‌కి పిలుపొచ్చిందట, వచ్చే శనివారం ఫ్లోరిడాలో. అదే రోజు ఒహాయోలో గ్రీకు సంతతి జట్టుతో మా అమ్మాయిల మొదటి మ్యాచ్, జట్టుకు తొమ్మిదిమంది చొప్పున.

"నేనేం చేయాలి అంకుల్? యూ టెల్ మీ."

చెప్పాల్సింది ఒక్క వాక్యం. నీ పాస్‌పోర్ట్‌తో ఆ పెద్ద క్రీడలకు వెళ్ళే దారి ఒక్క అమెరికా జట్టు ద్వారానే ఉందమ్మా, అని. నేను అన్నది వేరు. "ఉన్నదే తొమ్మిదిమంది. నువ్వు రాకపోతే జట్టే లేదు."

"ఓకే అంకుల్. వస్తాను."

హైవే మీద నేను దిగాల్సిన ఎగ్జిట్ దాటిపోయింది. తర్వాతి ఎగ్జిట్ కూడా వదిలేసి, ఊరికే పోతూనే ఉన్నాను.

మ్యాచ్ ఓడిపోయాం. ఆ అమ్మాయి మాత్రం తనకంటే ఒకటిన్నర రెట్లున్న గ్రీకు పిల్లని నడుము దగ్గర పట్టి, గడ్డిమీద పరిచేసింది. ఆ ఫోటో పైన పెట్టి, 'మహిళల జట్టు మొదలైంది' అని ఆ ఆట నడిపేవాళ్ళకి రిపోర్ట్ పంపాను. పొగుడుతూ జవాబొచ్చింది. దాన్ని రెండోసారి చదవలేకపోయాను.

ఆ తర్వాత కూర్చోలేను, పడుకోలేను. మీటింగుల్లో కెమెరా ఆపేసి గదిలో తిరిగేవాణ్ణి. నా భార్య గమనించి అడిగితే చెప్పేశాను.

"ఆ పిల్లకి చెప్పారా?"

"చెప్తాను."

"ఎప్పుడు, ఒలింపిక్స్‌లోనా? ముందు ఆ కాళ్ళూపడం ఆపండి, సోఫా ఊగిపోతోంది."

జూన్‌లో ప్రాక్టీస్‌కి ముందు, గ్రౌండ్ పక్కన ఆ అమ్మాయి బూట్ల లేసులు కట్టుకుంటుంటే చెప్పాను. మొత్తం. తీసేసిన ప్రశ్నతో సహా. ఆమె లేసు సగంలో వదిలేసింది.

"నేను ఫోన్ చేసినప్పుడు మీకు తెలుసా?"

"తెలుసమ్మా."

"నేను ఇండియాకే ఆడేదాన్నేమో అంకుల్. ఐ మైట్ హావ్ పిక్డ్ యూ గైస్. మీరు నన్ను పిక్ చేయనివ్వలేదు."

క్షమించమన్నాను. "అమ్మ పాస్‌పోర్ట్ ఫోటో డిలీట్ చేయండి," అంది. తన కళ్ళముందే చేశాను. మిగతా అమ్మాయిలు ఎదురుచూస్తున్నారని ఆ రోజు ప్రాక్టీస్ చేసింది. నేను వాళ్ళు ఢీకొట్టి సాధన చేసే ప్యాడ్ పట్టుకుని నిలబడ్డాను. ఆమె మాత్రం వేరే ప్యాడ్ దగ్గరికి వెళ్ళింది. మరుసటి వారం రాలేదు.

పదో ప్రశ్న తిరిగి పెట్టాను. దాని కింద నియమం రెండు వాక్యాల్లో రాసి, ఫారం అందరికీ మళ్ళీ పంపాను, ఆమెకు కూడా. చాలామంది నింపలేదు. 'ప్రస్తుతం మహిళల జట్టు లేదు' అని పైకి రాశాను. ఈసారి జవాబు రాలేదు. వాళ్ళమ్మ ఇప్పటికీ నన్ను పాట్‌లక్‌లకు పిలుస్తుంది. కూతురు వచ్చే వసంతం అమెరికా జట్టు ట్రయల్‌కి సిద్ధమవుతోందని చెప్పింది ఆవిడే. చెబుతున్నప్పుడు నన్ను అన్నయ్యా అనలేదు.

మొన్న ఆ అమ్మాయి ఫారం వచ్చింది. పదో ప్రశ్నకు 'యుఎస్‌ఎ' అని ఉంది. పదకొండోది, 'మా జట్టుకు ఆడతారా?' అన్నది. దానికి 'ట్రయల్ అయ్యాక డిసైడ్ చేస్తాను' అని రాసింది.

నాలుగుసార్లు తెరిచి చూశాను. రమ్మని రాయాలని చేయి లాగుతూనే ఉంది. ఫోన్ వంటగదిలో పెట్టేసి, వాకిట్లో మంచు ఎత్తడానికి బయటికి వచ్చాను.