వంతెన దగ్గర ఆగని బండి

నా చిన్నప్పుడు మా బాబాయి కొత్త మోటారు సైకిలు కొన్నాడు. రేపల్లెలో ఉద్యోగం. శనివారం వస్తే దాని మీదే నందివెలుగు దగ్గరున్న మా ఊరికి వచ్చేవాడు. టైర్లు నొక్కి చూసుకోవడం, చైనుకు నూనె పట్టించడం, కాలవ వంతెన దిగేటప్పుడు ఇంజను ఆపేసి బండిని జారనివ్వడం, ఇవన్నీ నాకు ముచ్చటగానే ఉండేవి. లీటరుకు ఎంత దూరం వస్తుందన్నదే ఆయన ధ్యాస. అక్కడితో ఆగినా బాగుండేది. చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచి, అయిదు వేలమందికి పంచాక మిగిలిన రొట్టె ముక్కల్ని గంపల్లోకి ఎత్తించిన ప్రభువు పెట్రోలు చుక్కను కూడా వృథా కానివ్వడని చెప్పేవాడు. సంఘమంతా ఆమెన్ అనేది.

ఒక శనివారం మైలేజీ పరీక్ష పెట్టుకున్నాడు. ట్యాంకు నుంచి వచ్చే పెట్రోలు కట్టేసి, గీతలు పెట్టిన సీసాలో కొంత పోసి, దాని గొట్టాన్ని ఇంజనుకు కలిపాడు. నేను బరువుండను కాబట్టి, సీసా పట్టుకోవడానికి నన్ను ముందు కూర్చోబెట్టుకున్నాడు. సీసా ఖాళీ అయ్యేదాకా బండి ఆపకూడదు, బ్రేకు తొక్కకూడదు. అదీ ఆయన నియమం.

వంతెన దగ్గర మా పక్కింటి అక్క చంటిబిడ్డతో నిలబడి ఉంది. బిడ్డకు ముందురోజు నుంచి జ్వరం. తెనాలి ఆసుపత్రికి బయలుదేరితే బస్సు రాలేదు. మమ్మల్ని చూడగానే "అన్నయ్యా, ఆపు అన్నయ్యా!" అంటూ రోడ్డు మధ్యకు వచ్చింది. బాబాయి హారన్ కొట్టి పక్కనుంచి పోనిచ్చాడు. "బాబాయ్, అక్క!" అని అరిచాను. "కదలకు, సీసా ఒలుకుద్ది" అన్నాడు.

తెనాలి పొలిమేర దాకా వెళ్ళి తిరిగొచ్చేటప్పటికి అక్క వంతెన గోడ మీద కూర్చుని ఉంది. బిడ్డ తల వాలిపోయింది. ఈసారి ఆమె చెయ్యి ఎత్తలేదు. బాబాయి ఆపలేదు.

మా ఇంటి వాకిట్లో సీసా ఖాళీ అయింది. ఆయన సంతోషానికి హద్దుల్లేవు. నేను లోపలికి పరిగెత్తి అంతా నాయనమ్మకు చెప్పాను. ఆవిడ చేతిలో గోంగూర అక్కడే పడేసి బయటికొచ్చింది.

"ఏరా, ఆ పిల్ల కనబడినా ఆపలేదంట?"

"ఆపితే లెక్కంతా పోద్దమ్మా. బస్సొస్తది కదా."

"ఏసయ్య చెప్పిన కథలో దెబ్బలు తిని పడున్నోణ్ణి దాటుకుంటా పోయినోళ్ళు కూడా భక్తిపరులేరా! రేపు దేవుడు అడిగితే ఈ సీసా చూపిస్తావా?"

కనీసం సైకిలైనా ఎక్కని మనిషి, భారీ మనిషి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని బండి వెనక ఎక్కి కూర్చుంది. "పోనియ్యి. నా బరువుకి ఎంతిస్తదో అదీ చూద్దాం."

వీధిలో వాళ్ళు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. బాబాయి ట్యాంకు గొట్టం తగిలించి బయలుదేరాడు.

నేను వెనకే పరిగెత్తాను. సగం దారిలో నాయనమ్మ ఒక్కతే ఎండలో నడిచి వస్తూ ఎదురైంది. వంతెన దగ్గర తను దిగి, అక్కను తన చోట ఎక్కించి పంపిందట. "వాడు ఆపుతాడన్న నమ్మకం లేకే ఎక్కాను తల్లీ" అంది. కన్నకొడుకు గురించి ఆ మాట అని, చీర చెంగుతో మొహం తుడుచుకుంటూ ఇంటివైపు నడిచింది.

బిడ్డ బతికాడు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు అన్న సంగతి అక్క మాకెప్పుడూ చెప్పలేదు. ఊళ్ళో వాళ్ళు చెబితే తెలిసింది.

మర్నాడు ఆరాధనలో బాబాయి లేచి నిలబడ్డాడు. ఒక పసిప్రాణాన్ని కాపాడటానికి దేవుడు తన బండిని వాడుకున్నాడని సాక్ష్యం చెప్పాడు! అందరూ ఆమెన్ అన్నారు. నాయనమ్మ ఒక్కతే పెదవి కదపలేదు. అక్క బిడ్డను గుండెకు హత్తుకుని నేల వైపు చూస్తూ ఉండిపోయింది.

ఇప్పుడు మా చర్చి ఆవరణలో కుర్రాళ్ళు ఎవరి బండి ఎంతిస్తుందో చెప్పుకుని మురిసిపోతుంటే నాకేమీ తప్పు అనిపించదు. పొదుపు మంచిదే. కానీ ఆ పొదుపుకు ఎవరైనా బైబిలు వాక్యం అతికిస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది. నా వయసు చూసి, శాంతంగా ఉండమని బోధకులు సుతిమెత్తగా చెబుతారు. రోజూ తెల్లవారుతూనే మోకరించి, నాలోని చెడుగులన్నీ తీసేయమని దేవుణ్ణి వేడుకుంటాను. ఈ కోపం జోలికి మాత్రం రావద్దని అడుగుతాను.