పత్తి కాటాకు వేలాడిన విల్లు

నా జడ నేను వేసుకోలేని రోజొకటి వస్తుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే వాళ్ళ మీద ఒంటికాలి మీద లేచేదాన్ని. ముప్పాళ్ళ మండలంలో ఒక హైస్కూల్లో నేను పీఈటీ టీచర్ని. ఊళ్ళో పెద్దవాళ్ళకు ఇప్పటికీ డ్రిల్లు పంతులమ్మనే. ప్రేయర్‌లో నేను ఈల ఊదితే పిల్లలే కాదు, గోడ అవతల టీ కొట్టు దగ్గరున్న వాళ్ళు కూడా ఒకసారి సర్దుకుని నిలబడతారు. అలాంటిదాన్ని, నిరుడు వానాకాలంలో కుడి భుజం బిగుసుకుపోయి కూర్చున్నాను. చెయ్యి ముందుకు చాపితే వచ్చేది, పైకెత్తితే చెవి దాకా వచ్చి ఆగిపోయేది, వెనక్కి అసలు పోయేది కాదు. నర్సరావుపేటలో డాక్టరు ఫ్రోజెన్ షోల్డర్ అన్నాడు. నా వయసు ఆడవాళ్ళకు ఇది మామూలేనని నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్ళు మండింది.

జడ సంగతి మా వదిన చూసుకుంది. వదినంటే మా ఆయన అక్క. ఉన్న ఊళ్ళోనే సంబంధం కుదరడంతో మాకు రెండిళ్ళ అవతలే కాపురం. పొద్దున్నే గేదెల పని ముగించుకుని, దువ్వెన కొప్పులో దోపుకుని వచ్చేది. నన్ను వరండా మెట్టు మీద కూర్చోబెట్టి, తలను తనకు ఎటు కావాలంటే అటు తిప్పుతూ, ఊళ్ళో సంగతులన్నీ చెబుతూ జడ వేసేది. ఆవిడ వేసిన జడ సాయంత్రానిక్కూడా చెక్కు చెదరదు. ఎంత బిగించేదంటే నా కనుబొమ్మలు కాస్త పైకి లేచిపోయేవి. ఆ రోజుల్లో స్కూల్లో పిల్లలు నేను పొద్దస్తమానం కోపంగా ఉన్నాననుకున్నారు. ఒక రకంగా మంచిదే, డ్రిల్లు సక్రమంగా సాగింది.

అసలు దిగులు జడ గురించి కాదు, విల్లు గురించి. చాలా ఏళ్ళ కిందట విజయవాడలో టీచర్లకు పెట్టిన ఒక శిక్షణలో మొదటిసారి విల్లు పట్టుకున్నాను. పిల్లలకు నేర్పడానికని వెళ్ళి నేనే తగులుకున్నాను. తర్వాత సొంతంగా ఒక లాంగ్ బో కొనుక్కున్నాను. నా ఎత్తును మించిన పొడుగు విల్లు. కప్పీలు, గురి చూపించే పరికరాలు ఏవీ ఉండవు. వంగే బద్ద ఒకటి, నారి ఒకటి, మిగతాదంతా మన చెయ్యీ కన్నూ.

ఆదివారం పొద్దున నర్సరావుపేట శివార్లలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ వెనక ఖాళీ స్థలంలో మేం నలుగురైదుగురం చేరతాం. ఒక బ్యాంకాయన, ఇద్దరు లాయర్లు, లారీలకు బాడీలు కట్టే ఒక భాయి, నేను. మిర్చి ఘాటుకు తుమ్ముకుంటూనే బాణాలు వేస్తాం. అక్కడ నా విల్లుకు ఒక పేరుంది. ప్రతి లాంగ్ బో మీదా దాన్ని లాగడానికి ఎంత బలం కావాలో పౌండ్లలో రాసి ఉంటుంది. భాయిది నలభై. మిగతావాళ్ళవి అంతకన్నా తక్కువ. నాది నలభై అయిదు. మగవాళ్ళ మధ్య ఒక్కదాన్నే ఆడదాన్ని, నాదే బరువైన విల్లు. ఈ మాట నా నోటితో నేను ఎప్పుడూ అనలేదు గానీ, కొత్తవాళ్ళు ఎవరైనా వచ్చినప్పుడు ఆ అంకె వాళ్ళకు కనపడేట్టు విల్లును గోడకు ఆనించేదాన్ని.

నెలల తరబడి ఫిజియోథెరపీ అయ్యాక చెయ్యి కొంత దారికి వచ్చింది. విల్లు పట్టుకోవచ్చా అని అడిగితే, పట్టుకో గానీ ఆ పాత బరువు మాత్రం మర్చిపో, బాగా తేలికైనది తీసుకో, మళ్ళీ పంతానికి పోతే భుజం ఈసారి నా మాట కూడా వినదు అన్నాడు డాక్టరు. సరేనని స్కూల్లో పిల్లలు నేర్చుకునే ఫైబర్ విల్లొకటి ఆదివారం పట్టుకెళ్ళాను. నారి హాయిగా వచ్చింది. బాణం కూడా హాయిగా లేచి, ఆకాశంలో షికారు చేసి, కాంపౌండు గోడ దగ్గరున్న యాభై మీటర్ల టార్గెట్టుకు చాలా ముందే నేల మీద పడుకుంది. ఎవరూ నవ్వలేదు. లాయరు ఒకాయన గాలి ఎక్కువగా ఉందన్నాడు. ఆకు కూడా కదలడం లేదు. వాళ్ళు నవ్వినా అంత బాధ ఉండేది కాదు.

ఇంటికొచ్చి విల్లుకు నారి విప్పి, సంచిలో పెట్టి, అటక మీద పెట్టమని మా ఆయనకు ఇచ్చాను. ఇక చాలు, మానేస్తున్నానన్నాను. ఆయన మారు మాట్లాడకుండా అటకెక్కించాడు. నాకు ముక్కు మీద కోపమని తెలిసిన మనిషి. అప్పట్నుంచి ఆదివారాలు నాకు ఏం చెయ్యాలో తోచేది కాదు. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేదాన్ని. ఒకసారి పనిలేక ఫ్రిజ్ వెనక దుమ్ము దులుపుతుంటే మా ఆయన వెళ్ళి వదినతో చెప్పాడు.

వదిన గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఆవిడ ఒకప్పుడు మా ఊరి సర్పంచ్. పేరుకు కాదు, నిజంగానే. ఆఫీసరు ఎవరైనా పొరపాటున ఆవిడ భర్త, మా అన్నయ్యగారి వైపు తిరిగి మాట్లాడితే, సర్పంచిని నేను, ఇటు చూడండి అనేది. ఆ తర్వాతి ఎన్నికలకు రిజర్వేషన్ మారి ఆ సీటు ఆవిడకు లేకుండా పోయింది. ఒక వారం తలుపేసుకుని పడుకుంది. అప్పుడు వార్డు మెంబరుగా నిలబడమని వెంటపడింది నేనే. మొదట నన్ను తిట్టింది, తర్వాత నిలబడింది, గెలిచింది, ఉపసర్పంచ్ అయింది. ఇప్పటికీ కుళాయి రాకపోయినా, కరెంటు పోయినా, మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకున్నా జనం ఆవిడ వాకిట్లోకే వస్తారు.

ఆ వదిన ఒక సాయంత్రం భుజాన పత్తి కాటాతో మా ఇంటికి వచ్చింది. అది పత్తి తీతల కాలం. కూలీలు తీసిన పత్తి మూట తగిలించి తూచే స్ప్రింగు కాటా అది. ఎంత బరువు, ఎంత బరువని నువ్వు ఇంత యాగీ చేస్తున్న ఆ విల్లు బరువేందో ఇయ్యాల చూద్దాం, అటక మీంచి దింపించమంది. మా ఆయన అప్పటికే నిచ్చెన వేసి ఉన్నాడు. ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారని నాకు అర్థమైంది.

వరండాలో ఉయ్యాల కొక్కేనికి కాటా వేలాడదీశాం. విల్లుకు మళ్ళీ నారి ఎక్కించి, ఆ నారిని కాటా కొక్కేనికి తగిలించాం. నేను విల్లు లాగినప్పుడు నారి ఎంత దూరం వస్తుందో నా బాణం మీద ఒక గీత ఉంటుంది. నారి ఆ గీత దాకా సాగేట్టు వదిన విల్లును రెండు చేతులా పట్టుకుని కిందికి గుంజింది. కాటా నేను చదివాను. పద్దెనిమిది కేజీలు.

నాకు లెక్క కుదరలేదు. ఇంకోసారి గుంజమన్నాను. మళ్ళీ పద్దెనిమిదే. పద్దెనిమిది కేజీలంటే నలభై పౌండ్లు కూడా లేదు. కాటా చెడిపోయిందని అనబోయి ఊరుకున్నాను, మా వదిన కాటాను అనుమానించినవాళ్ళు ఊళ్ళో ఎవరూ బాగుపడలేదు. విల్లు మీది అంకెను దీపం కిందికి తెచ్చి చూశాను. నలభై అయిదు పక్కన సన్నగా, ఇరవై ఎనిమిది అంగుళాల దగ్గర అని ఉంది. నేను పొట్టిదాన్ని. నా చెయ్యి లాగేది ఇరవై ఆరు అంగుళాలే. విల్లును ఎంత తక్కువ దూరం లాగితే అంత తక్కువ బరువు తగులుతుంది. ఆ సన్న అక్షరాలు నేను కొన్నప్పటి నుంచీ అక్కడే ఉన్నాయి. శిక్షణలో ఈ సంగతి చెప్పారు కూడా. కానీ నాకు నలభై అయిదు నచ్చింది, మిగతాది కంటికి ఆనలేదు.

సంగతి విన్నాక వదిన అరుగు మీద కూలబడి నవ్వింది. "అయితే ఇన్నేళ్ళూ నువ్వు లాగింది పద్దెనిమిది కేజీల పత్తేనన్నమాట" అంది. మా ఆయన నిచ్చెన పట్టుకుని లోపలికి జారుకున్నాడు. నాకు తల తీసేసినట్టయింది. కానీ ఆవిడ నవ్వు చూస్తుంటే నాకూ ఆగలేదు. భుజం నొప్పి పుట్టేదాకా నవ్వాను.

నవ్వులయ్యాక ఆవిడ మామూలు గొంతుతో అంది. "రిజర్వేషన్ మారినప్పుడు నన్నేమన్నావో గుర్తుందా? కుర్చీ చిన్నదైతే ఏంది వదినా, జనం నీ మాట వింటారా లేదా అదే చూడన్నావు. నేను నీ మాట విన్నా. ఇప్పుడు నీ బాణం దూరం పోవాలి, అంతేగదా నీక్కావాల్సింది? అంకెతో పనేందే?"

నాకు విల్లు కావాలి, ఆదివారం కావాలి. నాకు నేనే అడ్డం కూర్చున్నానని ఆ అరుగు మీద ఒప్పుకున్నాను.

ఆ సాయంత్రమే నా భుజం సంగతీ తేల్చాం. ఫిజియో ఇచ్చిన రబ్బరు తాడును గేటుకు కట్టి, రెండో కొసకు కాటా తగిలించి, బాణం వేసేప్పటిలాగే నేను చెంప దాకా లాగాను. వదిన కాటా చూస్తూ, ఎదురింటావిడతో కబుర్లాడుతూ నన్ను అట్లాగే పట్టుకోమనేది. పద్నాలుగు దాకా చెయ్యి రాయిలా నిలబడింది. ఆ పైన వణుకు మొదలయ్యేది. ఎదురింటావిడ మా ఇద్దరికీ ఏదో గాలి సోకిందనుకుని ఉంటుంది.

మర్నాడు బెంగళూరులో విల్లులు చేసే ఒకాయనకు ఫోన్ చేశాను. పౌండ్లు చెప్పకుండా, ఇరవై ఆరు అంగుళాల దగ్గర పద్నాలుగు కేజీలు ఉండాలి, బాణం మాత్రం పిల్లల విల్లులా పడుకోకూడదు అన్నాను. అలా అడిగినవాళ్ళు తక్కువని ఆయన సంతోషపడ్డాడు. బరువు తగ్గించుకున్నప్పుడే మంచి విల్లు విలువ తెలుస్తుందన్నాడు. లోపల వెదురు, పైన పల్చటి కార్బన్ పొర, కొసలు సన్నగా తేలిగ్గా ఉంటాయి. కొసలు తేలికైతే అవి త్వరగా వెనక్కొస్తాయి, మనం పెట్టిన బలం బాణానికే పోతుంది. బద్దకు నారి కట్టకముందే కాస్త ఎదురు వంపు ఉంటుంది గనక మొదటి నుంచీ నారి బిగువుగా ఉండి, చివరికొచ్చాక హఠాత్తుగా గట్టిపడదు. నా పాత విల్లు చివరి రెండు అంగుళాల్లో మొండికేసేది, భుజం పట్టేసింది కూడా అక్కడే. ఇంకా పొట్టిదైతే చురుగ్గా ఉంటుందేమోనని ఆశపడ్డాను. మీ భుజానికి పొడుగుదే మెత్తగా వస్తుంది, చురుకు సంగతి నాకు వదిలెయ్యండన్నాడు. ఆయన మాట విన్నాను. నా జీవితంలో రెండు రోజుల్లో ఇద్దరి మాట వినడం అదే మొదలు.

విల్లు వచ్చింది. చూడ్డానికి ఎంత సన్నగా ఉందో! ఇంటి వెనక గడ్డివాముకు అట్ట కట్టి వేశాను. బాణాలు దూసుకుపోయాయి, కాకపోతే అన్నీ ఎడమకే. ఎడమ పక్కన మా వదిన దోసపాదు ఉంది. ఒక దోసకాయ నిలువునా చీలింది. బెంగళూరాయన్ని దులిపేద్దామని ఫోన్ చేస్తే, పాత బాణాలే వాడుతున్నారా అని ఆయనే అడిగాడు. బరువైన విల్లుకు కొన్న గట్టి బాణాలు తేలిక విల్లు మీద సరిగా వంగక పక్కకు పోతాయట. కాస్త మెత్తనివి, తేలికవి తెప్పించుకున్నాక దోసపాదుకు శాంతి దొరికింది. ఆ చీలిన కాయను వదిన పప్పులో వేసి నాకే పంపింది.

ఆదివారం వదిన కూడా నాతో నర్సరావుపేట వచ్చింది. కోల్డ్ స్టోరేజీ వెనక అందరూ పలకరించారు. భాయి కొత్త విల్లును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. అంకె కోసం వెతుకుతున్నాడని నాకు తెలుసు. వేలితో చూపించేలోపు నేనే చెప్పేశాను. "పద్నాలుగు కేజీలు భాయ్. పాతది కూడా నలభై అయిదేం కాదు, నా చేతికి నలభై లోపే." చెప్పాక ఏదో పెద్ద మూట దించినట్టు తేలికైంది.

యాభై మీటర్ల టార్గెట్టు ముందు నిలబడ్డాను. నారి చెంప దాకా వచ్చింది. భుజం ఏమీ అనలేదు. వదిలాను. బాణం ఆకాశంలోకి షికారుకు పోలేదు. తిన్నగా వెళ్ళి టార్గెట్టులో టక్కున దిగింది. మధ్యలో కాదు గానీ లోపలే. నా కళ్ళలో నీళ్ళొచ్చాయి, మిర్చి ఘాటని చెప్పి తుడుచుకున్నాను. భాయి తనకూ అలాంటిదే చేయించాలి, బెంగళూరాయన నంబరు ఇవ్వమన్నాడు. వదిన మాత్రం లాయర్లకు పత్తి కాటా కథ మొదట్నించీ చెప్పడం మొదలుపెట్టింది. ఆపడం నా వల్ల కాలేదు.

సోమవారం పొద్దున అద్దం ముందు ఊరికే చెయ్యి వెనక్కి పెట్టి చూశాను. పోయింది. నెమ్మదిగా, పళ్ళు బిగించి, ఇన్నాళ్ళకు నా జడ నేనే వేసుకున్నాను. కొస ముడేసి చూసుకుంటుంటే బయట గేటు చప్పుడైంది, వదిన చెప్పులు వినిపించాయి. నేనేం ఆలోచించానో నాకు తెలీదు, గబగబా జడ విప్పేసి వెళ్ళి వరండా మెట్టు మీద కూర్చున్నాను.

వదిన కొప్పులోంచి దువ్వెన తీసి నా జుట్టు చేతిలోకి తీసుకుంది. ఇప్పుడే విప్పిన జుట్టు, వంకులన్నీ అలాగే ఉన్నాయి. ఆవిడ చేయి ఒక్క క్షణం ఆగింది.

"ఊళ్ళో ఒక సంగతి జరిగిందే, చెబుతా విను" అని పాపిడి తీసింది.