మామిడికాయల్లా ఏరిన బోల్టులు

నాకు మెకానిక్కు పని నేర్పిన మేస్త్రీ పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను జీపు కింద వెల్లకిలా పడుకొని ఉన్నాను. ఫోన్ చేసింది సత్రపట్టి నుంచి ఆయన కూతురు. "చిన్నాయనా, నాయన పొద్దున కాఫీ తాగి కూర్చున్నోడు కూర్చున్నట్లే పోయినాడు" అంది. "సరేమ్మా, వస్తుండా" అన్నాను. అన్నాక కూడా కాసేపు అక్కడే పడుకొన్నాను. ముందు చక్రాల గేరు ఎందుకు పడటం లేదో ఆ పూట ఆయన్నే అడగాలని అనుకొని ఉన్నాను. దుఃఖం కంటే ముందు వచ్చింది ఆ ఆలోచనే. చెప్పుకోవడానికి సిగ్గే, కాని ఉన్నది రాస్తున్నాను.

ఆ జీపు మా నాయనది. కొండ అడుగున ఉన్న మా మామిడితోపుకు ఏళ్ళ తరబడి ఎక్కి దిగి, ఆయన పోయాక షెడ్డులో కోళ్ళు గుడ్లు పెట్టే చోటయింది. ఒకరోజు మా తమ్ముడు వచ్చి, "అన్నా, కాయలు పెట్టేదానికి షెడ్డు నాకు కావాల. మొదటి కాయ దింపేలోగా ఇది తానుగా తోపు ఎక్కితే ఉండనీ. ఎక్కకపోతే పాత ఇనుముకే" అన్నాడు. వాడి మాటలో న్యాయం ఉంది. అందుకే నాకు అంత కోపం వచ్చింది. "ఎక్కిస్తా చూడు" అనేశాను. అప్పటికి నేను విప్పిన యంత్రమల్లా ఇంట్లో గోడగడియారం ఒక్కటే. అది ఇప్పటికీ నడవదు.

మేస్త్రీ అప్పటికే పట్టరై మూసేశారు. మా వైపు వర్క్‌షాపును పట్టరై అంటాం. ఆయన కళ్ళు మసకేశాయి. వెళ్ళి అడిగితే, "చూసేది మీరు, వినేది నేను. స్పానరు మాత్రం నా చేతికి ఇయ్యకండి రాజా, ఇస్తే అంతా నేనే చేసేస్తా, మీకు ఏమీ రాదు" అన్నారు. మరునాటి నుంచి పది గంటల బస్సుకు దిగి, షెడ్డులో బోర్లించిన కాయలపెట్టె మీద కూర్చునేవారు. ఆయన మర్యాదకు ఒక లెక్క ఉండేది. బానెట్టు మూసి ఉన్నంతసేపు నేను "రాజా, మీరు". బానెట్టు తెరిచానా, "ఒరే, నువ్వు". నాకంటే ఐదేళ్ళు పెద్ద, ఆ పైన గురువు. సాయంత్రం బానెట్టు మూయగానే మళ్ళీ "మీరు బాగా అలిసినారు" అనేవారు.

ఒక వారం ఆయనకు జ్వరం. ఆయన వచ్చేలోగా కాస్త పని ముందుకు తీసుకుపోదామని గేరుపెట్టెలు రెండూ నేనే విప్పేశాను. మా ఊరి పేరు చెబితే బయటివాళ్ళకు ఆ పేరే ఉన్న వేటకుక్కలు గుర్తొస్తాయి. మాకు గుర్తొచ్చేది మామిడికాయ. సప్పట్టై రకం అయినా, పంచవర్ణం రకం అయినా, చెట్టు దిగిన కాయను పెద్దది, నడిమిది, చిన్నది అని ఏరి పెట్టెల్లో వేయడం మాకు నడక వచ్చినప్పటి నుంచి వచ్చు. కళ్ళు మూసుకొని ఏరగలను. విప్పిన బోల్టులనూ అలాగే ఏరాను. మూడు పెట్టెలు. నిగనిగలాడేలా కడిగి, వరసగా పేర్చి, శభాష్ అంటారని ఎదురుచూశాను.

మేస్త్రీ వచ్చి ఒక పెట్టెలో చేయి పెట్టి తడిమారు. రెండో దాంట్లో పెట్టారు.

"ఏందిరా, అన్నీ ఒకే సైజు ఉండాయి?"

"ఏరి పెట్టినా మేస్త్రీ."

"ఏరినావా! ఏది ఏ బొక్కలోదో తెలుసునా?"

నేను ఒక బోల్టు తీసి అటూ ఇటూ తిప్పి చూశాను.

"కాయ చెట్టును మర్చిపోతుంది, పరవాలే. బోల్టు మర్చిపోకూడదురా. పొడుగుది పొట్టి బొక్కలో ఎక్కిస్తే లోపల దేన్నైనా పొడుస్తుంది, లేకుంటే పెట్టె పగులుతుంది. సంతకు పోతుండావా, జీపు చేస్తుండావా?"

తిట్టి ఊరుకోలేదు. చీపురు తెమ్మన్నారు. ఒక్కో బొక్కలో ఒక్కో పుల్ల దించి, లోతు దగ్గర విరిచి, ఆ పొడవుకు సరిపడే బోల్టు వెతకాలి. దొరికాక పుల్లనూ బోల్టునూ కలిపి గుడ్డలో చుట్టి, అది ఏ బొక్కదో పైన రాయాలి. గుడ్డ ఆయనే తెచ్చారు. సత్రపట్టి మగ్గాల మీద నేసేది ఆసుపత్రుల కట్టుగుడ్డ కదా, అందులో పనికిరాని ముక్కలు. పద్దెనిమిది రోజులు పట్టింది. షెడ్డు నిండా తెల్లటి కట్లు. ఇంట్లో రెండు చీపుర్లు ఖాళీ. "ఇల్లు ఊడ్చేది ఇంక జీపుతోనా?" అని మా ఆవిడ అడిగితే, "అది నడవనీ తల్లీ, అదీ చేద్దాం" అన్నారు మేస్త్రీ.

తుప్పు పట్టి రాని నట్టు మీద నేను బలం చూపిస్తే ఊరుకునేవారు కాదు. "తుప్పును కొట్టకు. నూనె పోసి, రేపు వచ్చి పలకరించు" అనేవారు. ఇంజను మొదటిసారి పలికిన రోజు నేను గంతు వేయబోతే, ఆయన కళ్ళు మూసుకొని విని, "మూడో సిలిండరు అలిగిండాది, చూడు" అన్నారు. అంతే. పొగడ్త అన్నది ఆయన నోట నేను విననే లేదు. మరునాడు మాత్రం పది గంటలకు కాక తొమ్మిదిన్నర బస్సుకే దిగారు.

సత్రపట్టిలో ఆయన్ని సాగనంపి ఇంటికి వస్తే, తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "అన్నా, తోపులో కాయ తయారుగా ఉండాది. శుక్రవారం దింపుతాము. ఇంక చాలించు అన్నా, నీకు చెప్పేవాడు కూడా లేడు" అన్నాడు. మెత్తగానే అన్నాడు. "శుక్రవారం దాకా ఉండాది కదా" అన్నాను.

మూడు రోజులు. ముందు చక్రాలకు కూడా బలం ఇచ్చే రెండో గేరుపెట్టె కడ్డీ సగం దాకా వచ్చి ఆగిపోతోంది. ఆ గేరు పడకపోతే తోపు ఏటవాలు ఎక్కదు. చెడింది ఏమిటని వెతికితే మేస్త్రీ కసిరేవారు. "కడాసిగా నువ్వు ముట్టింది ఏంది? అక్కడ చూడు." కడపట నేను ముట్టింది ఆ పెట్టె మూత. అప్పుడు గుర్తొచ్చింది. మూత బోల్టుల్లో ఒకదాని కట్టు ఊడిపోతే, పుల్ల వెతికే ఓపిక లేక, ఇన్నాళ్ళకు నా కంటికీ తెలుసులే అని ఎక్కించేశాను. మామిడికాయలు ఏరిన కన్ను అది. విప్పి చూస్తే, ఆ బోల్టు నాలుగు మరలు ఎక్కువ పొడవు. లోపలి కడ్డీని పొడిచి ఆపుతోంది. పెట్టె పగలకపోవడం నా అదృష్టం. తిట్టడానికి ఎవరూ లేరు కాబట్టి, ఆయన తిట్టేదంతా నేనే గట్టిగా తిట్టుకొని, చీపురు తెచ్చుకొన్నాను.

శుక్రవారం తమ్ముడు ఏటవాలు పైన నిలబడ్డాడు. మొదటిసారి సగంలో చక్రాలు జారి వెనక్కి వచ్చాను. రెండోసారి ఆ గేరు కూడా వేశాక ముందు చక్రాలు మట్టిని పట్టుకోవడం చేతులకు తెలిసింది. పైకి చేరాను. తమ్ముడు మొదటి కాయల బుట్ట ఎత్తి జీపు వెనక పెట్టాడు.

తోపు ఊరికి పడమట, సత్రపట్టి తూర్పున. దారి కాదు. అయినా పోయాను. మేస్త్రీ వాకిట్లో జీపు ఆగిన చప్పుడుకు ఆయన భార్య, నేను వదిన అని పిలిచే ఆవిడ, చెంబుతో నీళ్ళు తీసుకొని బయటికి వచ్చింది. నేను ఇంజను ఆపబోతే, "ఆపకు రాజా, కొంచెంసేపు ఆడనీ" అంది. చెంబును బానెట్టు మీద పెట్టి, పక్కనే చేయి ఆనించి నిలబడింది. చెంబులో నీళ్ళ మీద సన్నటి వలయాలు, అంచు నుంచి నడిమికి, ఒకదాని వెంట ఒకటి, వస్తూనే ఉన్నాయి.