పిట్ట ముట్టని అరటికాయ కూర

ఆ రోజుల్లో మా గోదావరిఖనిలో ఇంగ్లీషు వచ్చినవాడికి ఉన్న గౌరవం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వచ్చినవాడికే కాదు, వచ్చునని నలుగురినీ నమ్మించగలిగినవాడికి కూడా ఆ గౌరవం దక్కేది. నేను ఈ రెండో జాతివాణ్ణి. డిప్లొమా అయిపోయి, ఓపెన్‌కాస్టులో (నేలను పైనుంచి తవ్వే బొగ్గుగనిలో) పెద్ద యంత్రాలు మరమ్మతు చేసే ఒక ప్రైవేటు కాంట్రాక్టరు దగ్గర స్టోర్సులో కొత్తగా చేరాను. రాష్ట్రం ఇంకా రాలేదు. చౌరస్తాలో రోజూ ఏదో ఒక ఊరేగింపు, ఆ వెనక ఆగిపోయిన ఆటోలు, ఆ ఆటోల్లో డ్యూటీకి ఆలస్యమైపోతూ నేను. అప్పుడే మా కాంట్రాక్టరు కొత్త యంత్రం ఒకటి తెప్పించాడు. దానితోపాటు దాన్ని బిగించే మెకానిక్కు కూడా వచ్చాడు. కరీబియన్ సముద్రంలో సెయింట్ లూసియా అని ఒక చిన్న దీవి ఉంది (మ్యాపులో ఈగ వాలినంత చుక్క), ఆయనది ఆ దీవి. "నీకు ఇంగ్లీషు వచ్చు గద, ఆయన మంచి చెడ్డ నువ్వే చూస్కో" అని నన్ను ఆయనకు అంటగట్టారు. కాదనే ఇంగ్లీషు కూడా నా దగ్గర లేదు.

ఆయన పేరు పలకడం మా వాడలో ఎవరివల్లా కాలేదు. రెండు రోజులు ప్రయత్నించి అందరూ కలిసి దీవన్న అని ఖాయం చేశారు. ఆరడుగుల పైన మనిషి, మాట మాత్రం మెత్తన. వెస్టిండీస్ వైపు నుంచి వచ్చాడని తెలిసి మా కాలనీ జట్టువాళ్ళు ఆశగా చేతికి బంతి ఇచ్చారు. ఆయన వేసిన బంతి పక్కింటి పెంకులమీద పడింది. పుట్టి బుద్ధెరిగి క్రికెట్ ఆడలేదని ఆయన చెబుతుంటే నేను సిగ్గుపడుతూ తెలుగులో చెప్పాను. మా వాళ్ళు చాలా రోజులు నమ్మలేదు, దాస్తున్నాడనుకున్నారు.

మేమిద్దరం అవ్వ ఇంట్లో ఉండేవాళ్ళం. అవ్వ అంటే నాకు చుట్టం కాదు, ఇంటి యజమానురాలు. ఆమె పెనిమిటి బాయిలో (మా దగ్గర బొగ్గుగనిని బాయి అనే అంటారు) పనిచేసి పోయాడు. ఆ ఇల్లు, దాబా మీద ఒక గది ఆమెకు మిగిలాయి. ఆ గదిలో దీవన్న, కింద పక్కగదిలో నేను. ఇద్దరికీ తిండి అవ్వే పెట్టేది. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చాక దీవన్న తమ వంటల గురించి చెప్పేవాడు. పచ్చి అరటికాయలు ఉడకబెట్టి, ఉప్పు చేప నానబెట్టి ముళ్ళు తీసి ఉల్లిగడ్డతో వేయించి, రెండూ కలిపి తింటారట. చామాకును కొబ్బరిపాలలో ఉడికించి, దాన్ని 'కలలూ' అంటారట. అదే ఉప్పు చేపను పిండిలో కలిపి నూనెలో వేసి తీస్తే అక్రాలట. నేను ఒక్కొక్కటీ తెలుగు చేసి చెబుతుంటే అవ్వ చాటలో బియ్యం చెరుగుతూ వినేది. "గదంత మన తిండే గద బిడ్డా, పేర్లే పాడు పెట్టిండ్రు" అనేది. ఒకరోజు దీవన్న అవ్వ పెరట్లో కుండీ ముందు ఆగిపోయి, వాము ఆకు తుంచి నలిపి వాసన చూశాడు. వాళ్ళమ్మ ప్రతి కూరలోనూ వేసే ఆకు అదేనట. ఆ రాత్రి ఆ ఆకును పళ్ళెం పక్కన పెట్టుకుని భోజనం చేశాడు.

కొన్నాళ్ళకు ఆయన చెల్లెలి దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ళమ్మ పోయింది. ఎన్ని విమానాలు మారి వెళ్ళినా ఆయన చేరేసరికి మట్టి కూడా వేసేస్తారు. "ఏంది, తల్లి సచ్చిపోతె కొడుకు పోకుంటె ఎట్ల?" అని అవ్వ నన్ను పట్టుకుని గదమాయించింది, విమానాలు నేనే నడుపుతున్నట్టు. దీవన్న దాబా మెట్లమీద కూర్చుని, నాకు అర్థం కావాలని నెమ్మదిగా చెప్పాడు. మా దీవిలో మనిషి పోతే వాడకట్టంతా ఆ ఇంటికి వస్తుంది, తింటారు, పాటలు పాడతారు, ఇల్లు నిండుగా ఉంటేనే పోయినవాళ్ళు బెంగ లేకుండా పోతారు. మా అమ్మ వండితే గిన్నెలో మెతుకు మిగిలేది కాదు. అక్కడ నేను లేను, ఇక్కడన్నా ఆమె వంటలు వండి నలుగురికీ పెట్టాలి, ఆ గిన్నె ఖాళీ అవ్వాలి, నాకు ఇంకేమీ వద్దు అన్నాడు. ఇంత పెద్ద మాటను నేను అవ్వకు ఎట్లా చేరవేశానో చూడండి. "అవ్వా, వాళ్ళమ్మకు ఇష్టమైనవి వండి పెడ్తడట" అన్నాను. అవ్వ కళ్ళు తుడుచుకుంది. "గంతే గద మరి! ఎక్కడోళ్ళకైన పిట్టకు పెట్టుడు తప్పుతదా?" అంది. నాకూ అందులో తప్పేమీ కనబడలేదు. మనిషి పోతే ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఎవరూ ముద్ద ఎత్తకపోవడం మేం పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. లోకమంతా అట్లాగే చేస్తుందనుకున్నాను.

మర్నాడు మా వర్క్‌షాపు మెకానిక్ భాయ్ "ఫికర్ చెయ్యకు అన్నా, చేపలు నా జిమ్మ" అని దీవన్నకు తెలుగులోనే ధైర్యం చెప్పి, సంచీ నిండా ఎండు చేపలు తెచ్చాడు. ఆ వాసనకు వీధి కుక్కలన్నీ అవ్వ గడపలో హాజరు వేయించుకున్నాయి. అరటికాయల తొక్క తీసి తీసి నా చేతులు నల్లబడ్డాయి. బాయి దిగకుండానే బొగ్గు పనివాణ్ణయ్యాను. దీవన్న చామాకును కొబ్బరిపాలలో వేస్తుంటే అవ్వకు ప్రాణం ఒప్పలేదు. "చింతపండు లేకుంట చామాకా? గొంతు దురద పెట్టి సస్తరు జనం, చెప్పురా ఆయనకు!" అంది. చెప్పాను. ఆయన నవ్వి, మెత్తగా వెన్నలా అయ్యేదాకా ఉడికిస్తే దురద రాదన్నాడు. ఆఖరున నూనెలోంచి గుండ్రంగా, ఎర్రగా అక్రాలు తీశాడు. వాటిని చూడగానే అవ్వకున్న కాస్త అనుమానం కూడా పోయింది. "గారెలు గుడ జేసిండు, పద్ధతి తెలిసినోడు" అంది.

మధ్యాహ్నం దాబా మీదికి వాడవాళ్ళు వచ్చారు. రెండో షిఫ్టుకు పోవలసినవాళ్ళే ఎక్కువ. టిఫిన్ బాక్సులు చంకన పెట్టుకుని పెళ్ళాలతో సహా వచ్చారు. దీవన్న ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, చేతిలో గరిటె పట్టుకుని, ఆకులు పరిచి రమ్మన్నట్టు చూశాడు. ఎవరూ కూర్చోలేదు. అవ్వ ఒక మోదుగాకు విస్తరిలో అన్నీ కొంచెం కొంచెం పెట్టి దాబా గోడమీద ఉంచి వెనక్కి వచ్చింది. అందరూ వంటకు దూరంగా జరిగి, చేతులు కట్టుకుని, ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డారు. నేను కూడా. ఎంతసేపటికీ ఎవరూ కదలలేదు. దీవన్న మొహంలో రంగు మారింది. నా దగ్గరకు వచ్చి, మా అమ్మ వంట వాసన వీళ్ళకు పడలేదా అని మెల్లగా అడిగాడు. అది కాదు, పక్షి కోసం ఆగుతున్నాం అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో. ఆయన ఇంకా కంగారుపడ్డాడు (పక్షిని కూడా వండాలా అని అడిగాడు పాపం).

కాకులు లేక కాదు. కరెంటు తీగమీద వరసగా ఉన్నాయి. దిగవు. "మనసుల ఏదో ఉన్నది ఆ తల్లికి" అని అవ్వ ముందుకు వెళ్ళి దండం పెట్టింది. "ఓ వదినా! నీ కొడుకు మా ఇంట్లనే ఉన్నడు, యాళ్ళకింత పెడుతున్న. నువ్వు రంది పెట్టుకోకు, వచ్చి ముట్టు" అంది. కాకి దిగలేదు. భాయ్ గొంతు సవరించుకుని, "అమ్మీ, అన్నను సహీ సలామత్ విమానం ఎక్కిస్త, నాది గ్యారంటీ" అన్నాడు. దిగలేదు. అప్పుడు అవ్వకు ఒక ఆలోచన వచ్చింది. "ఆమెకు తెలుగు ఎట్ల తెలుస్తది? నువ్వు ఇంగిలీసుల పిలువు" అని నన్ను ముందుకు తోసింది. నాకు బాగా వచ్చిన ఇంగ్లీషు ఒక్కటే, సెలవు చీటీ ఇంగ్లీషు. చేతులు జోడించి ఆకాశం వైపు చూస్తూ "రెస్పెక్టెడ్ మేడమ్" అని మొదలుపెట్టి, దయచేసి విచ్చేయవలసిందిగా కోరి, "యువర్స్ ఒబీడియంట్లీ" దాకా వచ్చాను. ఒక కాకి నిజంగానే గోడమీదికి దిగింది. అందరం ఊపిరి బిగబట్టాం. సరిగ్గా అప్పుడే ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు జరిగింది. దాబా అదిరింది, ఆ కాకితోపాటు తీగమీది కాకులన్నీ లేచి గోదావరి వైపు పోయాయి.

రెండో షిఫ్టువాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "ఇగ పోవాలె అవ్వా, హాజరు పోతది" అని ఒకాయన మెల్లగా అన్నాడు. దీవన్న గరిటె గిన్నెలో పెట్టేసి, నేలమీద కూర్చుని మొహం చేతుల్లో దాచుకున్నాడు. అంత పెద్ద మనిషి అట్లా కూర్చుంటే నాకు ఏడుపొచ్చింది. పక్కన కూర్చుని, వ్యాకరణం సంగతి వదిలేసి, ఉన్నదున్నట్టు చెప్పాను. పోయినవాళ్ళు కాకై వస్తారు, మీ అమ్మ ముందు తినాలి, ఆమె తినకుండా మేం తినకూడదు, అందుకే ఆగాం, అంతే. ఆయన తలెత్తి నా వంక చూశాడు. ఎవరు ముందు తినాలి, మా అమ్మా, అని అడిగాడు. అవునన్నాను. కళ్ళనిండా నీళ్ళతోనే నవ్వాడు. ఇంటికి వచ్చినవాళ్ళను నిలబెట్టి మా అమ్మ ముందు తింటుందా, బతికున్నన్నాళ్ళూ అట్లా తిన్నది లేదు, అందరూ తిన్నాక పొయ్యి దగ్గర నిలబడి గిన్నె అడుగు తుడుచుకునేది, మీరు ఇట్లా నిలబడితే ఆమె ఎప్పటికీ రాదు అన్నాడు.

ఈసారి ఒక్క ముక్క కూడా వదలకుండా అవ్వకు చెప్పాను. అవ్వ ఆయన వైపు తిరిగింది. "నేను గుడ గంతే గద బిడ్డా, నా బతుకంత" అంది. తర్వాత కొంగు బిగించుకుని, మొట్టమొదటి ఆకు ముందు చతికిలబడింది. "పెట్టు కొడుకా" అంది. పిట్ట ముట్టకుండా అవ్వ ముద్ద ఎత్తడం వాడ వాడంతా చూసింది. చూసి, ఆమె పక్కనే కూర్చుంది.

తిన్నారండీ, ఎట్లా తిన్నారు! అరటికాయ, ఉప్పు చేప, మధ్యలో వాము ఆకు ఘాటు. భాయ్ అక్రాలు లెక్కపెట్టడం మానేశాడు. ఒకాయన మామిడికాయ తొక్కు పచ్చడి అడిగి పెళ్ళాం చేత మోచేతి పోటు తిన్నాడు. చామాకు నా గొంతులో కొంచెం గీకిన మాట నిజమే (అది దురదో, అవ్వ పెట్టిన భయమో తెలియదు), కానీ నవ్వుతూనే మింగాను. దీవన్న వడ్డిస్తూ వాళ్ళ భాషలో ఏదో పాట అందుకున్నాడు. మాట తెలియకపోయినా అందరూ తల ఊపారు. సైరన్ మోగేసరికి షిఫ్టువాళ్ళు మిగిలిన అక్రాలు బాక్సుల్లో కుక్కుకుని పరుగెత్తారు.

ఆకులు ఎత్తుతూ చూద్దును కదా, దీవన్నకు ఏమీ మిగల్లేదు. ఒక్క ముద్ద కూడా ఆయన తినలేదని మాకెవరికీ తట్టలేదు. ఆయన పొయ్యి దగ్గర నిలబడి, గిన్నె వంచి, అడుగున అంటుకున్నది వేలితో తుడుచుకుని నోట్లో పెట్టుకుంటున్నాడు. అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ముట్టింది బిడ్డా, పిట్ట ముట్టింది" అంది.

ఆమె ఏమన్నదని దీవన్న అడిగాడు. నేను గాలిలో మాటలు వెతుక్కుని వెతుక్కుని, చివరికి వంట బాగుందంటోంది అని చెప్పాను. ఇప్పుడు నా ఇంగ్లీషు చాలా మెరుగుపడింది, ఆఫీసులో ఇతరుల తప్పులు దిద్దే స్థాయికి వచ్చాను. ఆ ఒక్క మాట మాత్రం ఇంకా దిద్దలేకపోతున్నాను. అయినా అప్పుడు ఆయన గిన్నె చేతిలో ఉండగానే అవ్వ వైపు తిరిగి, తల వంచి, చాలా సంతోషం అన్నాడు.