అత్తమ్మ కొలతలకు తుపాకి

మేం అమీర్‌పేటలో ఉన్నప్పుడు పక్కింట్లో పట్టపగలు దొంగలు పడ్డారు. పక్కింటాయనది గుంటూరు వైపు. పెళ్ళి కాలేదు, ఆఫీసు ఉద్యోగం. ఆయన డ్యూటీకి వెళ్ళగానే ఎవరో తాళం విరగ్గొట్టి ప్రెషర్ కుక్కరు, ట్రాన్సిస్టరు, ఇస్త్రీ చేసి పెట్టుకున్న చొక్కాలు ఎత్తుకుపోయారు. కొత్త రంగుల టీవీని గుమ్మం దాకా మోసి, బరువనిపించిందేమో, అక్కడే వదిలేశారు.

"టీవీ దక్కింది కదండీ" అని ఓదార్చబోయాను.

"చొక్కాలు పోయాయి కదండీ!" అన్నాడాయన.

ఆ చొక్కాలు కుట్టింది మా మామయ్య. పంజాగుట్టలో ఆయనకు టైలరింగ్ షాపు ఉండేది. తాతల నాటి మగ్గం వదిలి పట్నం వచ్చిన మనిషి. ఒళ్ళు సన్నం, మీసం లావు. స్నానాల గదిలో బల్లి కనబడితే అత్తమ్మను కేకేసేవారు. అలాంటి మామయ్య ఆ రోజు అన్నం ముందు కూర్చుని, "రివాల్వర్ కొంట" అని ప్రకటించారు.

అత్తమ్మ కూర వడ్డిస్తూనే అడిగింది. "దొంగలొచ్చేది పగటిపూట. గప్పుడు నువ్వు పంజాగుట్టల ప్యాంట్లు కుడుతుంటవ్. ఇంట్ల ఉండేది నేను, గీ పిల్ల. తుపాకి నీ నడుముకుంటే దొంగకేం ఫికర్?"

మామయ్య కంచం పక్కకు జరిపారు. "అయితే నీకే కొంట!" అన్నారు రోషంగా.

"కొను" అంది అత్తమ్మ.

మా ఆయన ఉద్యోగం మీద జిల్లాలు తిరిగేవాడు. కాబట్టి ఆబిడ్స్‌లో తుపాకుల దుకాణానికి మేం ముగ్గురమే బస్సెక్కాం. లైసెన్సు దరఖాస్తులో ఏ రకం తుపాకో రాయాలి గనుక ముందు చూసుకోవాలని మామయ్య ఆలోచన. ఆ రోజు ఆయన తను కుట్టుకున్న సఫారీ సూటు వేశారు. తొందరలో మెడలోని టేపు తీయడం మరిచిపోయారు.

దుకాణం యజమాని తెల్లగడ్డం పెద్దమనిషి. ముందు ఖాళీ రివాల్వర్ చూపించాడు. "ఖాళీదైనా నిండుగా ఉన్నదనే అనుకోవాలె, మనుషుల దిక్కు చూపొద్దు" అని చెప్పి మరీ మామయ్య చేతికిచ్చాడు. మామయ్య దాన్ని అరచేతిలో పెట్టుకుని అద్దంలో ఒకసారి చూసుకున్నారు. అత్తమ్మ వేలికి మాత్రం ట్రిగ్గర్ లొంగలేదు. రెండు వేళ్ళు పెట్టి నొక్కితే కదిలింది గానీ, గొట్టం గోడ మీది క్యాలెండర్ నుంచి సీలింగ్ ఫ్యాన్ దాకా తిరిగొచ్చింది.

"గిది దూరంకెళ్ళి గురి పెట్టాలంటే మస్తు సాధన గావాలె, బెహెన్‌జీ" అన్నాడు పెద్దమనిషి. రెండు గొట్టాల తుపాకి దించాడు. అది బరువు, పైగా పొడుగు.

"మా వంటింటికెళ్ళి ముందరి గదికి వచ్చే సందుల ఇది తిరుగదు" అంది అత్తమ్మ.

చివరికి ఒంటి గొట్టం తుపాకి ఆమె చేతుల్లో కుదిరింది. కాకపోతే దాని వెనకాలి చెక్క మడమ భుజానికి ఆనిస్తే ట్రిగ్గర్ అందడం లేదు. అప్పుడు మామయ్యకు మెడలో టేపు ఉన్న సంగతి తెలిసొచ్చింది. అత్తమ్మ మోచెయ్యి మడతపెట్టించి, వేలి దాకా కొలిచారు. భుజం కొలిచారు. జేబులోంచి సుద్ద తీసి మడమ మీద గీత గీశారు.

"గీడికి కోయాలె. జర లోపలికి మలిస్తే సంకకాడ పట్టెయ్యది" అన్నారు.

"తుపాకికి సుత లైనింగ్ ఏస్తవా?" అంది అత్తమ్మ. పెద్దమనిషి గడ్డం పట్టుకుని నవ్వాడు.

తూటాల దగ్గరే నవ్వులు ఆగాయి. పెద్ద గుండ్లవి అడవిపందికని, అవి తలుపు దాటి పోతాయని ఆయన చెప్పాడు. పక్కింటికీ మాకూ మధ్య ఉన్నది సన్నటి గోడ. దాని అవతలే ఆ ఆఫీసాయన మంచం. ఇరుకు ఇంటికి చిన్న రవ్వల తూటాలు నయమన్నాడు.

"చిన్నయి అయితే మనిషి సావడు గద?" అడిగింది అత్తమ్మ.

"దగ్గర్నుంచి తగిలితే సావొచ్చు, బెహెన్‌జీ. కాలుకని కొడితే కాలుకే తగుల్తదని ఎవరూ చెప్పలేరు."

బస్సులో ఆమె ఇంటిదాకా తన చూపుడువేలినే చూసుకుంటూ కూర్చుంది.

దరఖాస్తు ఆమె పేరు మీదే పెట్టారు. విచారణకు పిలిచిన ఆఫీసరు అడిగాడు. "నీకు శత్రువులెవరన్నా ఉన్నరా అమ్మా?"

"నాకెవరు లేరు సార్. ఈయనకే భయమైతది" అంది, మామయ్యను చూపించి. మామయ్య సఫారీ గుండీలు సర్దుకున్నారు.

లైసెన్సు వచ్చింది. గీత దగ్గర మడమ కోయించిన తుపాకి వచ్చింది. దాన్ని చెక్క బీరువాలో, తూటాలను వేరే పెట్టెలో తాళం వేసి పెట్టి, రెండు తాళంచెవులూ అత్తమ్మ నడుముకే కట్టుకుంది. వాడలో ఆడవాళ్ళు ఊళ్ళకు పోతూ తమ ఇళ్ళ తాళాలు కూడా ఆమెకే ఇవ్వడం మొదలుపెట్టారు. మామయ్యకు లోలోపల కొంచెం కుళ్ళు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం, నేనూ అత్తమ్మా భోంచేసి నడుం వాల్చాం. మేడ మీద ధన్‌మని ఎవరో దూకిన చప్పుడు. తర్వాత మెట్ల మీద అడుగులు. అత్తమ్మ లేచి బీరువా తీసింది, పెట్టె తీసింది, తూటా వేసింది. నన్ను తన వెనక్కి నెట్టి, గొట్టం నేల వైపే ఉంచి అరిచింది.

"ఎవడ్రా అది? ఆడనే ఆగు!"

అడుగులు ఆగాయి. "అమ్మా, నేనండీ! తాళంచెవి ఆఫీసులో మర్చిపోయానండీ! గోడెక్కి మీ మేడ మీదికి దూకానండీ, మీ మెట్లు దిగి మా పెరట్లోకి పోదామని... ఏంటండీ అది, తుపాకా?"

పక్కింటాయన. రెండు చేతులూ ఎత్తి, ఒక్క కాలికే చెప్పుతో నిలబడ్డాడు.

అత్తమ్మ తూటా తీసేసింది. తుపాకిని మంచం మీద పెట్టి, కింద చతికిలబడింది. నేను నీళ్ళిస్తే సగం చీర మీదే పోసుకుంది. "అడగకుండ నొక్కితే ఏమైతుండె, బిడ్డా?" అంది. మళ్ళీ మళ్ళీ అదే అంది.

మామయ్య షాపు నుంచి రాగానే, "గిది ఇంట్ల ఉండొద్దు" అని చెప్పేసింది. ఆయన మర్నాడే తుపాకిని ఆ ఆబిడ్స్ పెద్దమనిషికే అప్పగించి, లైసెన్సు వాపసు చేశారు. మెట్ల దగ్గర ఇనుప గ్రిల్లు పెట్టించారు. మడమ పొట్టిదైన తుపాకిని కొనేవాళ్ళు దొరకడం కష్టమని పెద్దమనిషి గొణిగాడట.

ఆ తర్వాత పంజాగుట్ట షాపులో ఈ కథ పెరుగుతూ పోయింది. మామయ్య నోట్లో ఒక మనిషి ముగ్గురు దొంగలయ్యారు, వాళ్ళ చేతుల్లోకి కత్తులొచ్చాయి. ఒకసారి నేను టిఫిన్ క్యారియర్ తీసుకెళ్ళేసరికి, షాపుకొచ్చిన ఒక గిరాకీకి మామయ్య అదే చెబుతున్నారు. ఎదురుగా చొక్కాకి కొలతలు ఇస్తూ, చేతులు చాచి నిలబడ్డది మా పక్కింటాయనే.

నన్ను చూసి ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత గిరాకీ వైపు తిరిగి, "ముగ్గురేనండీ. నేను కళ్ళారా చూశాను" అన్నాడు.