మారయ్య వెక్కిరింత

పోచంపల్లిలో మారయ్య నేసిన చీరకు ఎంత పేరో, మారయ్య నోటికి అంత చెడ్డపేరు. ఎదుటివాళ్లను వెక్కిరించడంలో అతన్ని మించినవాడు లేడు. కుంటివాడు ఎదురైతే కుంటేవాడు, నత్తివాడు పలకరిస్తే నత్తిగా బదులిచ్చేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదని భార్య కృష్ణమ్మ మొత్తుకునేది. వెంటనే ఆ మొత్తుకోలునూ మూతి తిప్పి చూపించేవాడు.

తెలంగాణ వచ్చిన ఏడాది అతనికి ఛాతీలో మంట మొదలైంది. అవదా మరి! కారం కూరతో కడుపునిండా తిని, చెయ్యి కడుక్కోగానే మగ్గం గుంటలో దిగేవాడు. నేసిన బట్ట చుట్టే కొయ్య పొట్టను నొక్కేది. తిన్నదంతా పుల్లగా గొంతులోకి తన్నుకొచ్చేది.

నల్లగొండ దవాఖానలో డాక్టరు గోలీలు రాసి, తిన్నాక కాసేపు నడవమన్నాడు. "ఇవి తిన్నదాన్ని కిందికి నెడతయి, పైకి రాకుంట కడుపు మూతి బిగిస్తయి. కొన్ని దినాలే వాడాలె, ఎక్కువ వద్దు" అని మరీ మరీ చెప్పాడు.

మంట తగ్గింది. మారయ్య నడకను వదిలేసి గోలీని పట్టుకున్నాడు. నడిస్తే మగ్గం ఆగుతుంది కదా! మందుల షాపు గిరి చీటీ అడగకుండానే ఇచ్చేవాడు. పూటపూటకూ కృష్ణమ్మే గోలీ, చెంబుడు నీళ్లు మగ్గం దగ్గరికి తెచ్చేది. అలా ఏళ్లు గడిచాయి.

ఒకనాడు అతని పెదవులు వాటంతట అవే చప్పరించసాగాయి. నాలుక బయటికి వచ్చి పోయేది, దవడ పక్కకు లాగేది. ఊళ్లో ఒక్కరూ జాలిపడలేదు. "మారయ్య కొత్త ఆట మొదలువెట్టిండు" అని నవ్వారు. నత్తి గోపాల్ అయితే తననే వెక్కిరిస్తున్నాడనుకుని చెంప పగలగొట్టాడు. చేసుకున్నవారికి చేసుకున్నంత మహదేవా.

మారయ్య ఒక్కడే మళ్లీ నల్లగొండ పోయాడు. డాక్టరు తల పట్టుకున్నాడు.

"గా గోలీలు ఇన్నేండ్లు మింగినవా? అవి మెదడు మీద గూడ పనిజేస్తయి. ఇయ్యాల్నే ఆపు. గీ నోరు మాత్రం ఆగుతదని చెప్పలేను."

గోలీలు ఆపాడు. మంట తిరిగొచ్చింది, నోరు ఆగలేదు.

"డాక్టరు ఏమన్నడయ్యా?" అని కృష్ణమ్మ అడిగింది. ఆ గోలీలు అందించిన చేతులు ఆమెవే. నిజం చెబితే కుమిలిపోతుందని తోచింది మారయ్యకు. జన్మలో అతనికి కలిగిన కనికరం అదొక్కటే.

"నాకేం రోగం లేదే. ఊకెనే ఎక్కిరిస్తున్న" అన్నాడు.

"నువ్వు మారవు" అని ఆమె లోపలికి పోయింది.

ఆ చలికాలంలోనే కృష్ణమ్మకు పక్షవాతం వచ్చింది. మూతి వంకరపోయింది, మాట ముద్దయింది. మంచం పక్కన కూర్చున్న మారయ్య నోరు మెలికలు తిరుగుతుంటే కళ్లప్పగించి చూసింది.

"నన్ను గూడ... ఎక్కిరిస్తున్నవా?"

"కాదే, గా గోలీలు..." అనబోయాడు. నాలుక అడ్డం పడింది. మాట ముద్దముద్దగా, అచ్చం ఆమె మాటలాగే వచ్చింది. కృష్ణమ్మ కళ్లు నిండాయి. గోడవైపు తిప్పుకున్న మొహం చచ్చేదాకా మళ్లీ ఇటు తిప్పలేదు.

శవం ముందు కూర్చున్నప్పుడూ మారయ్య పెదవులు చప్పరిస్తూనే ఉన్నాయి. కృష్ణమ్మ తమ్ముడు పరమేష్ లేచి వచ్చాడు. "సచ్చినంక గూడ ఇడిశిపెట్టవా, బావా?"

జవాబు చెబితే ఎలా వినిపిస్తుందో మారయ్యకు తెలుసు. భుజం మీది తువాల తీసి, తన నోటికి తానే గట్టిగా కట్టుకున్నాడు.